విక్రాంత్ వేషం కట్టిన ఓడ

"ఘాజీ" సినిమా టీవీలో వేసినరోజు అమ్మమ్మ పక్కన కూర్చుని చూశాను. అప్పటికే థియేటర్లో ఒకసారి చూసేశాను. రెండోసారి చూడ్డానికి కారణం అమ్మమ్మే. ఘాజీ మునిగిన రాత్రి ఆవిడ వన్ టౌన్‌లో ఉంది. పాతికేళ్ళు దాటిన మనిషి, ఒళ్ళో పసిపిల్ల. ఆ రాత్రి గురించి చిన్నప్పట్నుంచీ మాకు ఒకేలా చెప్పేది: పక్కింటి వాళ్ళ రేడియో చుట్టూ అందరూ చేరారు, ఇందిరాగాంధీ మాట్లాడుతుందని. అర్ధరాత్రి దాటింది. అంతలో సముద్రం వైపునుంచి ఒక చప్పుడు. కిటికీ రెక్కలు కొట్టుకున్నాయి, వంటింట్లో గిన్నె దొర్లింది, పిల్ల లేచి ఏడ్చింది. అంతే కథ.

సినిమా అయిపోయింది. జలాంతర్గామిలో అందరూ గెలిచారు. అమ్మమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ అడిగింది: "అంతా బానే ఉంది గానీ, మనూరికి వినపడ్డ ఆ చప్పుడేటిరా?"

నా దగ్గర జవాబు లేదు. ఈ వ్యాసం ఆ ప్రశ్నకి ఆలస్యంగా ఇస్తున్న జవాబు. పూర్తి జవాబు కాదని ముందే ఒప్పుకుంటున్నాను.

*

ముందు చరిత్ర, క్లుప్తంగా.

1971 నవంబర్ 14న పి.ఎన్.ఎస్. ఘాజీ కరాచీ నుంచి బయల్దేరింది. అంతకుముందు అది అమెరికా వాళ్ళ యు.ఎస్.ఎస్. డయాబ్లో. కరాచీ నుంచి శ్రీలంక చుట్టూ తిరిగి బంగాళాఖాతం దాకా వచ్చి పనిచేయగల జలాంతర్గామి పాకిస్తాన్ దగ్గర అదొక్కటే. దాని వేట మన విమానవాహక నౌక విక్రాంత్ కోసం. విక్రాంత్‌కి అప్పుడు బాయిలర్ పగులు. పూర్తి వేగంతో పరిగెత్తలేని స్థితి. తూర్పు నౌకాదళ కమాండ్ అధిపతి వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్ దాన్ని తీసుకెళ్ళి అండమాన్ దీవుల్లో ఒకచోట దాచాడు. ఆ చోటుకి ఆయన పెట్టుకున్న మారుపేరు "పోర్ట్ ఎక్స్‌రే".

దాచడం ఒక్కటే చాలదు. విక్రాంత్ ఇంకెక్కడో ఉందని శత్రువు నమ్మాలి. అందుకు ఒక ఓడ కావాలి. దొరికింది ఐ.ఎన్.ఎస్. రాజ్‌పుత్.

రాజ్‌పుత్ ఒక డిస్ట్రాయర్. పుట్టుకతో దాని పేరు హెచ్.ఎం.ఎస్. రోథర్‌హామ్, స్కాట్లండ్‌లో క్లైడ్ నది ఒడ్డున కట్టారు. 1942 మార్చిలో నీళ్ళలోకి దిగింది. రెండు వారాలు దాటాక, ఏప్రిల్ 6న, జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. ఊళ్ళో జనం మూటాముల్లే సర్దుకుని పల్లెలకి పరిగెత్తారు. ఈ రెంటికీ ఏ సంబంధమూ లేదు, నాకు తెలుసు. కానీ ఆ ఓడ, ఈ ఊరు ఇరవై తొమ్మిదేళ్ళ తర్వాత ఒకే రాత్రిలో కలుసుకున్నాయని తెలిశాక ఆ తేదీలని పక్కపక్కన పెట్టుకోకుండా ఉండలేకపోయాను. రెండో ప్రపంచయుద్ధంలో హిందూ మహాసముద్రంలో బ్రిటిష్ తూర్పు నౌకాదళంతో తిరిగి, 1949లో తన వర్గంలోనే మరో రెండు ఓడలతో పాటు మనకి అమ్ముడుపోయింది. ఆ రెండూ రణజిత్, రాణా అయ్యాయి. ఇది రాజ్‌పుత్ అయింది. 1971 నాటికి ముసలిది. రిటైర్మెంట్ కాగితాలు సిద్ధమవుతున్న గుమాస్తా లాంటిది.

అలాంటి ఓడకి విక్రాంత్ వేషం కట్టారు.

*

కృష్ణన్ రాసిన "నో వే బట్ సరెండర్" 1980లో వచ్చింది. ఆయన పోయాక ఆత్మకథ "ఎ సెయిలర్స్ స్టోరీ" కూడా వచ్చింది. యుద్ధ చరిత్రలంటే సాధారణంగా నాకు నిద్రొస్తుంది. బాణాలు గీసిన పటాలు, అంకెలు, పొట్టి పేర్లు. కృష్ణన్ అలా రాయడు. పేకాటలో గెలిచినవాడు మర్నాడు పొద్దున కాఫీ తాగుతూ ఆట మొత్తం మళ్ళీ చెప్పినట్టు రాస్తాడు. ఉత్సాహం ఉంది, హాస్యం ఉంది, కాస్త డాబు కూడా ఉంది.

ఆ పుస్తకాల్లో నన్ను పట్టుకున్నది యుద్ధం కాదు, వేషం. రాజ్‌పుత్‌ని మద్రాసుకి దూరంగా సముద్రంలో తిప్పారు. విక్రాంత్ లాంటి పెద్ద ఓడ ఉంటే వైర్‌లెస్‌లో ఎంత సందడి ఉంటుందో అంత సందడి ఆ ఒక్క ఓడనుంచే చేయించారు. ఒక విమానవాహక నౌకకి సరిపడేంత మాంసం, కూరగాయలు ఊళ్ళో ఆర్డర్ చేశారు, బజారు కబుర్లు శత్రువు చెవికి చేరతాయన్న నమ్మకంతో. అన్నిటికంటే మించి, ఒక టెలిగ్రామ్. విక్రాంత్ మీద పనిచేస్తున్న ఒక నావికుడు, జబ్బుతో మంచంపట్టిన తల్లి ఎలా ఉందో తెలపమని పంపిన ప్రైవేటు సందేశం. రహస్య సంకేతంలో కాదు, ఎవరైనా చదవగలిగేలా. ఎవరో కుర్రాడు ఆదుర్దాలో భద్రతా నియమం తప్పాడని శత్రువు అనుకోవాలి. కుర్రాడూ లేడు, తల్లీ లేదు.

ఇది చదివి పుస్తకం మూసి కాసేపు అలా ఉండిపోయాను. ఘాజీ మీద మొదటి కాల్పనిక కథ రాసింది సినిమావాళ్ళు కాదు, నౌకాదళం. అదీ మంచి కథే. ఒకే ఒక్క వాక్యంలో పాత్ర, సంబంధం, భయం, దూరం అన్నీ ఉన్నాయి. మనం కథల వర్క్‌షాపుల్లో "చెప్పకు, చూపించు" అని గొంతు చించుకుంటాం కదా, ఆ పని ఆ టెలిగ్రామ్ చేసింది.

కానీ దాని పక్కనే ఇంకోటి కనిపించింది. అది తర్వాత చాలా రోజులు నన్ను వదల్లేదు. రాజ్‌పుత్ మీద నిజంగా పనిచేసిన మనుషులు ఈ కథనాల్లో ఎక్కడ? కెప్టెన్ ఇందర్ సింగ్ ఉన్నాడు. సముద్రం మీద ఏదో కదలిక చూసి చెప్పిన కాపలావాడు ఉన్నాడు, ఒక్క వాక్యం సేపు, పేరు లేకుండా. మిగతావాళ్ళు? బాయిలర్ గదిలో చెమటలు కక్కినవాళ్ళు, వంటవాళ్ళు, గంటల తరబడి దొంగ సందేశాలు కొట్టిన వైర్‌లెస్ ఆపరేటర్లు? ఓడనిండా మనుషులుంటే, నాకు తల్లితో సహా తెలిసిన ఒకే ఒక్క మామూలు నావికుడు అసలు లేనివాడు. ఉన్నవాళ్ళ తల్లులకి జబ్బు చేసిందో లేదో ఎవరూ రాయలేదు.

కృష్ణన్‌ని తప్పుపట్టడం లేదు. అడ్మిరల్ కుర్చీలోంచి ఓడలే కనిపిస్తాయి, మనుషులు కాదు. ఆ కుర్చీ ఎత్తు అలాంటిది. కానీ పాఠకుడిగా ఆ ఎత్తుని గమనించకపోతే, ఆయన చూసిందే మొత్తం అనుకుంటాం.

*

ఇక ఆ రాత్రి. నౌకాదళం చెప్పే కథ ప్రకారం ఇలా.

డిసెంబర్ 3 సాయంత్రం పాకిస్తాన్ విమానాలు పశ్చిమాన మన వైమానిక స్థావరాల మీద దాడి చేశాయి. ఆ రాత్రి పదకొండున్నర దాటాక రాజ్‌పుత్ విశాఖ హార్బర్ నుంచి బయల్దేరింది. వైజాగ్ వాళ్ళకి చెప్పక్కర్లేదు: డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనుంచి ఇరుకైన కాలువ. ఓడ ఏదైనా అందులోంచే రావాలి, పైలట్ దారి చూపించాలి. ఆ కాలువ మొగలో జలాంతర్గామి కాచుకుని ఉంటే తప్పించుకునే చోటు లేదు. కెప్టెన్‌కి ఆ సంగతి తెలుసు. పైలట్‌ని దింపేశాక, ఉన్నట్టుండి వేగం పూర్తిగా పెంచాడు. కాసేపటికి కాపలావాడు నీటి మీద అలజడి చూశాడు. జలాంతర్గామి మునిగేటప్పుడు అలా ఉంటుంది. ఓడ అటు తిరిగింది. రెండు డెప్త్ చార్జ్‌లు వేసింది.

డెప్త్ చార్జ్ అంటే ఏదో మిసైల్ లాంటిది ఊహించుకోకండి. పేలుడు పదార్థం నింపిన పీపా. ఓడ వెనకనుంచి నీళ్ళలోకి వదుల్తారు. ముందే పెట్టిన లోతుకి చేరాక నీటి ఒత్తిడికి పేలుతుంది. ఈలోగా ఓడ ముందుకి పరిగెత్తాలి, లేదంటే తను వేసిందే తనకి తగుల్తుంది. అంటే ఈ ఆయుధం వేసేవాడు గురిపెట్టి చూడడు. వేసి పారిపోతాడు.

కొద్ది నిమిషాలకి పెద్ద పేలుడు. రాజ్‌పుత్ కూడా అదిరిపోయింది. చీకట్లో వెతికారు, ఏమీ కనిపించలేదు. ఓడ తన పని మీద తను వెళ్ళిపోయింది.

అమ్మమ్మ విన్న చప్పుడు అదే. ప్రధాని ప్రసంగం కోసం మేలుకొని ఉన్న జనం వినడం, ఇళ్ళ అద్దాలు పగలడం చరిత్ర పుస్తకాల్లో కూడా ఉంది. తెల్లారాక జాలర్లు నీటి మీద తేలుతున్న వస్తువులు తెచ్చి ఇచ్చారు. గజ ఈతగాళ్ళు దిగి చూశారు. కింద జలాంతర్గామి ఉంది. అందులో తొంభై మందికి పైగా మనుషులున్నారు. ఒక్కరూ బతకలేదు.

ఇక్కడితో ఆగదు. ఘాజీ తను పరుస్తున్న మైన్ల వల్లే ప్రమాదవశాత్తూ పేలిపోయిందని పాకిస్తాన్ అంటుంది. మన సైన్యపు తూర్పు కమాండ్‌లో అప్పుడు కీలక అధికారిగా ఉన్న జనరల్ జేకబ్ కూడా నౌకాదళం కథని తర్వాత గట్టిగా సందేహించాడు. నౌకాదళ చరిత్ర రాసిన వైస్ అడ్మిరల్ హీరానందానీ "ట్రాన్సిషన్ టు ట్రయంఫ్"లో అన్ని వాదనల్నీ పక్కపక్కన పెట్టాడు. రాజ్‌పుత్ వేసిన చార్జ్‌లు తగిలాయా, వాటి అదురుకి లోపలి మైన్లు పేలాయా, లేక రెండూ కాక ఇంకేదో జరిగిందా? చూసి చెప్పగలిగిన వాళ్ళందరూ ఆ ఇనుప గొట్టంలోనే ఉండిపోయారు.

*

ఇప్పుడు సినిమా దగ్గరికొద్దాం.

సంకల్ప్ రెడ్డి మొదటి సినిమా "ఘాజీ", 2017 ఫిబ్రవరి. తెలుగు, హిందీ భాషల్లో వచ్చింది. ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం తీసుకుంది. పాటలు లేవు, విదేశాల్లో డాన్సు లేదు, కామెడీ ట్రాక్ లేదు. ఇరుకు గదుల్లో మనుషులు, చెమట, సోనార్ చప్పుళ్ళు. తెలుగులో అలాంటి సినిమా తీయడం ధైర్యమే. ఒకదశలో ఎస్-21 ముందుకీ వెనక్కీ కదల్లేదు, పైకీ కిందకీ మాత్రమే కదలగలదు. ఆ నిలువు పోరాటం మన సినిమాల్లో నేను చూసిన గొప్ప సన్నివేశాల్లో ఒకటి. కె.కె. మేనన్ కెప్టెన్, రానా ఆఫీసర్, వాళ్ళిద్దరి మధ్య "ఆదేశం పాటించాలా, కాల్చాలా" అన్న తగువు. మొదటి సగం నిజంగా బలంగా ఉంది.

ఈ సినిమాలో ఘాజీని ముంచేది భారత జలాంతర్గామి. ఎదురెదురుగా, టార్పెడోతో, కచ్చితంగా గురిచూసి. నౌకాదళం కూడా అలా జరిగిందని చెప్పదు. నౌకాదళం చెప్పేది రాజ్‌పుత్ అనే ముసలి డిస్ట్రాయర్ గురించి.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, నా స్నేహితులే అన్నారు: సినిమా కల్పన కదా, చరిత్ర పాఠం కాదు కదా అని. ఒప్పుకుంటాను. రచయితకి ఆ స్వేచ్ఛ లేకపోతే సాహిత్యమే లేదు. కాబట్టి "ఎందుకు మార్చారు" అన్నది నా ప్రశ్న కాదు. "మార్చడంలో ఏం పోయింది, ఏం వచ్చింది" అన్నదే. ఒక కల్పనని అంచనా కట్టడానికి నాకు తెలిసిన కొలత అదొక్కటే.

వచ్చింది ఏంటంటే, నిశ్చయం. సినిమా హీరోకి తను కొట్టిందేదో తెలుసు. శత్రువుకి ఒక ముఖం ఉంది, అహంకారం ఉంది, మన జాతీయగీతం వినపడితే రెచ్చిపోయేంత కోపం ఉంది. పాట పాడి వాణ్ణి పైకి రప్పిస్తారు. హాల్లో నా పక్కనున్నవాళ్ళు లేచి నిలబడ్డారు. నేనూ నిలబడ్డాను. అబద్ధం ఎందుకు, ఒళ్ళు గగుర్పొడిచింది కూడా.

పోయింది ఏంటంటే, ఆ చీకటి. రాజ్‌పుత్ మీద మనుషులకి గెలిచామని ఆ క్షణాన తెలీదు. నీళ్ళలో అలజడి చూశారు. అది చేపల గుంపో, అల విరగడమో కావచ్చు. రెండు పీపాలు వదిలారు. పేలింది. ఏం పేలిందో తెలీదు. వెళ్ళిపోయారు. చంపామో లేదో తెలియకుండా తొంభై మందికి పైగా మనుషుల చావు పక్కనుంచి దాటిపోయిన ఓడ అది. ఆ తర్వాత రోజుల్లో "మనమే" అని ఎవరో చెబితే, వంటగదిలో అన్నం వడ్డించుకుంటున్న కుర్రాడు ఏమనుకుని ఉంటాడు? పొంగిపోయాడా, ముద్ద దిగిందా? జీవితమంతా "మనమేనా?" అనే అనుమానంతో బతికాడా? నాకు ఇదే అసలైన కథగా కనిపిస్తుంది. ఇందులో విలన్ లేడు, హీరో ఉన్నాడో లేడో తెలీదు. ఇలాంటిది తీస్తే కోట్లు వస్తాయా అంటే రావు. కానీ రాయడానికి కోట్లు అక్కర్లేదు కదా.

ఇంకోటి కూడా పోయింది: ఊరు. సినిమా మొత్తం నీటికింద జరుగుతుంది కాబట్టి విశాఖపట్నం అందులో కాపాడాల్సిన ఒక పేరు మాత్రమే. రేడియో చుట్టూ చేరిన వన్ టౌన్ ఆడవాళ్ళు, కూరగాయల ఆర్డర్ చూసి "ఏదో పెద్ద ఓడ వచ్చిందిరోయ్" అనుకున్న బజారు, పొద్దున్నే పడవల్లో వెళ్ళి తేలుతున్న సామాను ఏరుకొచ్చిన జాలర్లు, ఎవరూ లేరు. ఆలోచిస్తే ఈ కథలో ఊరు ప్రేక్షకురాలు కాదు, పాత్రధారి. కృష్ణన్ వేసిన నాటకం ఊరి నోటిమీద ఆధారపడి నడిచింది. ఘాజీ ఇక్కడే ఉందన్న మొదటి సాక్ష్యం జాలర్ల చేతుల్లో వచ్చింది. అమ్మమ్మ అడిగిన ప్రశ్న అందుకే నాకు మంచి విమర్శలా అనిపిస్తుంది. ఆవిడ "ఇది నిజమా" అని అడగలేదు. "ఇందులో మేం ఎక్కడున్నాం" అని అడిగింది.

*

ఆర్కే బీచ్‌కి వెళ్తే యుద్ధ స్మారకం ఉంది, "విక్టరీ ఎట్ సీ". దానికి కాస్త దూరంలో ఒడ్డున కుర్సురా జలాంతర్గామి ఉంది. టికెట్ కొని లోపలికెళ్ళి సెల్ఫీలు దిగుతాం. పిల్లలు చాలామంది కుర్సురానే ఘాజీని ముంచిందనుకుంటారు, నేనూ చిన్నప్పుడు అలాగే అనుకున్నాను. కళ్ళముందు జలాంతర్గామి ఉంది, సినిమాలో జలాంతర్గామి ఉంది, ఇంకేం కావాలి. రాజ్‌పుత్ మాత్రం ఎక్కడా లేదు. 1976లో సర్వీసు నుంచి తీసేశారు, తర్వాత తుక్కు అయింది. అదే పేరుతో 1980లో సోవియట్ యూనియన్లో కట్టిన కొత్త ఓడ వచ్చింది. అదీ 2021 మేలో విశాఖలోనే రిటైరయింది. పేపర్లో ఆ వార్త వచ్చినప్పుడు ఫేస్‌బుక్‌లో ఒకాయన "ఘాజీని ముంచిన వీరనౌకకి వీడ్కోలు" అని పెట్టాడు. రెండు వందలకి పైగా లైకులు. 1971లో ఇంకా పుట్టని ఓడ అది.

ఘాజీ మునిగిందని మన నౌకాదళం ప్రకటించింది డిసెంబర్ 9న. అదే రోజు రాత్రి, అటు డయ్యూ దగ్గర, మన ఐ.ఎన్.ఎస్. ఖుక్రీని పాకిస్తాన్ జలాంతర్గామి ముంచేసింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు పోయారు. కెప్టెన్ ముల్లా ఓడని వదలకుండా దానితోనే మునిగిపోయాడు. డయ్యూలో వాళ్ళకి స్మారకం ఉంది. ఒకే తేదీన ఒక దేశంలో ఒక ప్రకటన, ఒక దుఃఖం. ఈ రెంటినీ కలిపి ఒకే పేజీలో చదవగలిగే పుస్తకం కోసం చూస్తున్నాను. తెలుగులో నాకింకా దొరకలేదు.

2024 ఫిబ్రవరిలో మన నౌకాదళపు లోతునీటి రక్షక వాహనం ఘాజీ శిథిలాలని మళ్ళీ గుర్తించింది. చనిపోయినవాళ్ళ మీద గౌరవంతో దాన్ని ముట్టుకోలేదని వార్త. ఈ మొత్తం వ్యవహారంలో నాకు బాగా నచ్చిన వాక్యం అదే. ఏ సినిమాలోనూ లేదు.

రావిశాస్త్రి బతికి ఉన్న రోజుల్లోనే, ఆయన ఊళ్ళోనే జరిగింది ఇదంతా. "అల్పజీవి" రాసిన మనిషి, కోర్టు వరండాల్లో, సారా దుకాణాల్లో చిన్నవాళ్ళ గొంతు విన్నవాడు. ఆ ఓడ వంటగదిలోకి గనక ఆయన దిగి ఉంటే! దిగలేదు. ఆయన తర్వాత వైజాగ్ నుంచి ఇన్ని కథలొచ్చాయి, సముద్రం గురించి కవిత్వం వచ్చింది, స్టీల్ ప్లాంటు గురించి వచ్చింది. నేవీ గేటు లోపలికి తెలుగు కథ వెళ్ళింది చాలా తక్కువ. ఆ గేటు లోపల మన బావలు, పక్కింటి అన్నయ్యలు, అద్దెకుండే హర్యానా కుర్రాళ్ళు ఉన్నారు. బీచ్‌లో నేవీ డే విన్యాసాలు చూసి చప్పట్లు కొట్టి ఇంటికొస్తాం. ఆ విన్యాసం చేసినవాడు రాత్రి గదికెళ్ళి ఏం ఆలోచిస్తాడో మాత్రం మనం రాయం.

అమ్మమ్మకి చివరికి చెప్పాను. ఆ చప్పుడు రాజ్‌పుత్ అనే పాత ఓడ వేసిన పీపాలదైనా కావచ్చు, ఘాజీ లోపలి మైన్లదైనా కావచ్చు, రెండూ కలిసిందైనా కావచ్చు, ఎవరికీ గట్టిగా తెలీదని. సినిమాలో చూపించినట్టు మాత్రం కాదని.

ఆవిడ కాసేపు ఆలోచించింది.

"లోపల ఎంతమంది?" అంది.

తొంభై పైనే అన్నాను.

"మరి ఆళ్ళ అమ్మలకి ఎప్పుడు తెలిసిందో," అంది.

టెలిగ్రామ్ గురించి ఆవిడకి నేను చెప్పలేదు.